అనుమతి లేని ఆరోగ్యం

పడమర షెడ్డు కోళ్లు ఆరోగ్యంగా ఉన్నాయన్న దుర్వార్త సోమవారం పొద్దున్నే డైరెక్టరు గారి చెవిన పడింది.

ఆ షెడ్డు చూసుకునేవాడు అప్పలకొండ. మెట్ట మీద కట్టిన ప్రాంతీయ కుక్కుట పరిశోధనా కేంద్రంలో కాంట్రాక్టు అటెండరు. మేత వెయ్యడం, నీళ్లు పట్టడం, రెట్ట ఎత్తడం అతని పని. డైరెక్టరు చక్రధరరావు గారు రమ్మన్నారని కబురొస్తే, కోళ్లు బాగున్నాయి కదా, ఒక మంచి మాట అంటారు కాబోలు అనుకుని, మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాడు.

ఆ ఏడు ప్రభుత్వానికి కోడి పేగుల మీద మమకారం పుట్టింది. మన పూర్వీకుల మూలికలతో కోళ్ల పేగులు బాగుచెయ్యాలని సంకల్పించి, ఆంత్రామృతం అనే చూర్ణం తయారుచేయించారు. శొంఠి, మిరియాలు, వాము, పసుపు, వెల్లుల్లి. పోపులపెట్టె బోర్లిస్తే ఏం రాలుతుందో అదే. ముందు ప్యాకెట్ల మీద మంత్రి గారి ఫోటో అచ్చయింది. లోపల ఏం పొయ్యాలన్నది ఆ తరవాత తేలింది. పరిశోధన అన్నిటికన్నా చివర మొదలయింది.

టీకా వేసిన కోళ్లనే రెండు గుంపులు చేశారు. తూర్పు షెడ్డుకు చూర్ణం కలిపిన మేత. పడమర షెడ్డుకు వట్టి మేత. దీన్ని పోలిక గుంపు అన్నారు. కొన్నాళ్లకు రెండు షెడ్లలోంచీ కొన్ని కోళ్లను కోసి చూస్తే తూర్పు పేగులు నిగనిగలాడాలి, పడమర పేగులు నీరసించి ఉండాలి. నివేదిక కూడా అలాగే రాసి పెట్టుకున్నారు. అందరూ ఎవరి పని వాళ్లు సక్రమంగా చేశారు. పేగులే మాట వినలేదు.

"రెండూ ఒకేలా ఉన్నాయి సార్," అంది డాక్టర్ ఇందుమతి. పేగులు కోసి చూసే శాస్త్రవేత్త ఆవిడే. "టీకా రెండు గుంపులకీ వేశాం. రోగం రాలేదు. అందుకని పడమరవి కూడా..."

"డాక్టర్ గారూ, టీకా గత సంవత్సరపు పథకం. దానికి ప్రారంభోత్సవం జరిగింది, శాలువాలు కప్పడం కూడా అయిపోయింది. ఇప్పుడు వచ్చి అది పనిచేస్తానంటే మనం ఏ పద్దు కింద ఒప్పుకోవాలి?"

ఇందుమతి ఊరుకుంది. తెలిసిన నిజం ఒకసారి చెప్పి ఊరుకోవడం ఆవిడ పద్ధతి. అందులో చెప్పానన్న తృప్తి మిగులుతుంది, ఉద్యోగమూ మిగులుతుంది.

డైరెక్టరు గారు అప్పలకొండ వైపు తిరిగారు. "ఏమయ్యా, కోళ్లకి ఏం పెడుతున్నావు?"

"మీరిచ్చిన మేతే బాబూ."

"మరి ఎందుకు బాగున్నాయి?"

పాతికేళ్లుగా కోళ్ల దగ్గర పనిచేస్తున్నా అప్పలకొండను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎందుకు చచ్చాయనే అడిగేవారు. "ఏమో బాబూ. నానేటీ సెయ్యలేదు. రోగం రాలేదంతే."

"రాలేదా, నువ్వు రానివ్వలేదా?"

అప్పలకొండ తన చొక్కా చూసుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని రావడం తప్పయిందేమో అనిపించింది.

ఆ మధ్యాహ్నమే అనధికార ఆరోగ్య విచారణ సంఘం ఏర్పడింది. డైరెక్టరు గారు అధ్యక్షులు. ఇందుమతి సభ్యురాలు. మేత గోదాము సూపర్వైజరు ప్రభాకరం కార్యదర్శి. పోలిక గుంపు ఏ మార్గాన ఆరోగ్యాన్ని అక్రమంగా సేకరిస్తున్నదో కనిపెట్టడం సంఘం పని.

మొదట షెడ్డు పక్కనున్న వేపచెట్టు పట్టుబడింది. గాలికి దాని ఆకు జాలీలోంచి లోపల పడుతోంది. చెట్టుకు నోటీసు అంటించి, గడువు ఇచ్చి, గడువు లోపల చెట్టు ఏ సంజాయిషీ ఇవ్వనందున కొట్టించేశారు. దుంగలను సాక్ష్యం కింద స్వాధీనం చేసుకున్నారు. ఆ సాక్ష్యం ఇప్పుడు డైరెక్టరు గారి కొత్తింటికి గుమ్మాలై నిలబడి ఉంది.

చెట్టు పోయాక మళ్లీ కొన్ని కోళ్లను కోశారు. పేగులు వెనకటి కన్నా బాగున్నాయి.

"చెట్టు నీడ పోయింది కదా సార్, షెడ్డులోకి ఎండ బాగా వస్తోంది," అంది ఇందుమతి. చెప్పి ఊరుకుంది.

అప్పుడు ప్రభాకరానికి అనుమానం తట్టింది. అప్పలకొండ రోజూ ఇంట్లో చారన్నం తిని వస్తాడు. చారులో మిరియాలున్నాయి, వెల్లుల్లి ఉంది. ఆ నోటితో కోళ్లను బా, బా అని పిలుస్తాడు. కోళ్లు ఆ గాలి పీలుస్తాయి. డైరెక్టరు గారు ఈ వాదనకు ముగ్ధులై లేచి నిలబడి ప్రభాకరానికి చెయ్యి కలిపారు. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది.

"పోలిక గుంపు పరిచర్యలో నున్న సిబ్బంది, ఆంత్రామృతమందలి ద్రవ్యములను గాని, తత్సమానములను గాని, నోటి ద్వారా స్వీకరించుట, ఇంట నిల్వయుంచుట, వండుట, తదుపరి ఉత్తర్వులు వెలువడునంత వరకు ఇందుమూలముగా నిషేధింపబడినవి."

ఈ ఉత్తర్వు అమలు చెయ్యడానికి ప్రభాకరాన్నే ఘ్రాణాధికారిగా నియమించారు. రోజూ షెడ్డు తలుపు దగ్గర నిలబడి అప్పలకొండ నోరు వాసన చూడాలి. ప్రభాకరానికి ఎన్నో ఏళ్లుగా పడిశం. వాసనన్నది తెలీదు. ఏ వాసన మీదా ఆయనకు పక్షపాతం ఉండదని ఆయన్నే ఎంచారు.

"నోరు తెరువు. ఊఁ. వెల్లుల్లి తిన్నావా?"

"నేదు బాబూ."

"తినలేదని నాకెలా తెలియాలి?"

"వాసన సూడండి బాబూ."

"అది నా పని. నువ్వు చెప్పక్కర్లేదు."

వాసన తెలియని అధికారి మాట మీదే బతకాలి కాబట్టి, అప్పలకొండ నిజంగానే మానేశాడు. మజ్జిగన్నం తిన్నాడు. కరివేపాకు కూడా మూలికేనని తేలింది. మానేశాడు. చింతపండు ఏదో గ్రంథంలో కనపడింది. అదీ మానేశాడు.

ఇంత ఓర్చుకోవడానికి ఒక కారణం ఉంది. కూతురు దమయంతి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లంటే పడమర షెడ్డు వెనకాలున్న ఒంటిగది క్వార్టరు. పుట్టింట్లో ఉండాల్సిన తల్లి లేదు. పోలమ్మ పోయి ఆరేళ్లయింది. దమయంతి పుట్టినప్పుడు ఆవిడకు బాలింతలు తినే కాయం మందు చేసి పెట్టే దిక్కు లేకపోయింది. ఆ నడుం నొప్పి ఆవిడ బతికినన్నాళ్లూ ఉంది. మంచాన పడ్డాక మొగుడితో ఒకే మాట అంది: "మన గుంట పురిటికి కాయం తప్పనియ్యకు." అది తప్ప అప్పలకొండకు ఆమె అప్పగించి పోయిన పని ఇంకేదీ లేదు. ఇప్పుడు ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. నిండు చూలాలిని ఎక్కడికి తీసుకుపోవాలి?

పెద్దాసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. తల్లినీ పిల్లనీ ఇంటికి తెచ్చిన రోజే, వాచ్‌మన్ తల్లి నూకాలమ్మ అరుగు మీద కూచుని కాయం ఎలా కలపాలో చెప్పింది. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము, వెల్లుల్లి, నువ్వుల నూనె, పాతబెల్లం. అప్పలకొండ దంచాడు, జల్లించాడు, పొయ్యి మీద పెట్టి కలిపాడు.

"పాకం వచ్చిందో నేదో నాలిక్కి రాసి సూడరా," అంది నూకాలమ్మ.

"నాను సూడకూడదు అత్తా. ఆర్డరుంది."

"నీ నాలిక్కి ఆర్డరేట్రా?"

"ఆ. సంతకం కూడా అయిపోయింది."

నూకాలమ్మ అతన్ని పైకీ కిందికీ చూసి, తనే వేలు ముంచి నాకింది. "ఇంకొక్క ఉడుకు రానీ," అంది.

ఆ ఇంకొక్క ఉడుకే కొంప ముంచింది. మూకుట్లోంచి లేచిన ఘాటు క్వార్టరు దాటి, షెడ్డు దాటి, ఆఫీసు కిటికీలోంచి డైరెక్టరు గారి ముక్కులో దూరింది. సంఘం కదిలి వచ్చింది. ప్రభాకరం మూకుడు మీదికి వంగి, గాఢంగా పీల్చి, "ఏమీ లేదు సార్," అన్నాడు. డైరెక్టరు గారికి అప్పటికే కళ్లెంట నీళ్లు కారుతున్నాయి.

"ఇది ఆంత్రామృతమే," అన్నారాయన. "పోలిక గుంపు పరిధిలో ఆంత్రామృతం వండుతున్నావు. దీనికి శిక్ష ఏమిటో తెలుసా?"

"ఇది కాయం బాబూ. బాలింతకి."

"ప్రభుత్వం చేస్తే ఆంత్రామృతం. నువ్వు చేస్తే కల్తీ."

నూకాలమ్మ అరుగు దిగలేదు. "బాబూ, తమరి అమ్మగారు తమర్ని కన్నాక ఏటి తిన్నారు?"

అది సంఘం పరిశీలనాంశాల్లో లేదు. అయితే డైరెక్టరు గారు రాక్షసుడేమీ కాదు. నియమం ఉన్నచోట మినహాయింపు ఉంటుందని నమ్మినవాడు. అందుకే అడిగారు.

"పిల్లకి టీకా వేశారా?"

"ఆసుపత్రిలోనే ఏసేరు బాబూ."

"తల్లికి?"

"కడుపుతో ఉన్నప్పుడు ఏసేరు."

"అయితే ఇద్దరూ టీకా పొందినవారు. చూర్ణ సమాన పదార్థం స్వీకరిస్తున్నవారు. డాక్టర్ గారూ, వీరు తూర్పు గుంపుకు అర్హులా కాదా?"

ఇందుమతి ఒకసారి దమయంతిని చూసింది, ఒకసారి పొత్తిళ్లలో పిల్లను చూసింది. "కోళ్ల ప్రయోగం కదా సార్," అంది.

"ప్రయోగం మంజూరు ఉత్తర్వులో 'టీకా పొందిన జీవులు' అని ఉంది. కోళ్లు అని ఎక్కడుంది?"

ఇందుమతి ఊరుకుంది. సంతకం పెట్టింది.

తూర్పు షెడ్డును ఆనుకున్న మేత గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, మంచం వేయించారు. బాలింత అక్కడ ఉండొచ్చు. కాయం అక్కడ తినొచ్చు.

"బాలింతని కోళ్లతోపాటు పెడతారా బాబూ?" అంది నూకాలమ్మ.

"కోళ్లతోపాటు కాదమ్మా. కోళ్లతో సమానంగా," అన్నారు డైరెక్టరు గారు.

కాని తూర్పున ఒక మనిషి చేరితే పడమర కూడా ఒక మనిషి ఉండాలి. లేకపోతే పోలిక ఎలా కుదురుతుంది? డైరెక్టరు గారు వెతకనక్కర్లేకపోయింది. "అదే రక్తం, అదే ఇల్లు, అదే తిండి అలవాటు. సైన్సుకి ఇంతకన్నా మంచి జత దొరకదు. నువ్వు పడమర గుంపుగా ఉంటానంటే ఆవిడ తూర్పు గుంపుగా ఉంటుంది. నిర్బంధం ఏమీ లేదు. స్వచ్ఛందం. వద్దంటే క్వార్టరు ఖాళీ చెయ్యొచ్చు."

అప్పలకొండ స్వచ్ఛందంగా ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి అతనికి గంజి, అందులో కాసింత ఉప్పు. వారం తిరక్కుండా ఉప్పు కూడా లవణ వర్గంలోని ఔషధమని ప్రభాకరం పుస్తకం తెచ్చి చూపించాడు. ఉప్పు తీసేశారు. రెండు గుంపులూ కలిస్తే ప్రయోగం చెడుతుంది కాబట్టి, అప్పలకొండ తూర్పు వైపు కంచె దాటకూడదన్నారు. మనవరాలిని ఎత్తుకోకూడదు. కంచె ఇవతల నిలబడి చూడొచ్చు. చూడటం నోటి ద్వారా స్వీకరించడం కాదని సంఘం ఉదారంగా తీర్మానించింది.

రోజూ సాయంత్రం మేత పని అయ్యాక అతను కంచె దగ్గరికి వచ్చేవాడు. దమయంతి పిల్లను భుజాన వేసుకుని అవతల నిలబడేది. ఆమె బుగ్గలు తేరాయి. పిల్ల పాలు తాగి, నిద్రపోయి, లేచి, ఏడ్చి, మళ్లీ తాగి, బొద్దుగా తయారవుతోంది.

"అలా అయిపోయావేంటి నాన్నా?"

"కోళ్లు ఎక్కువయ్యాయి. పని."

"అన్నం తింటున్నావా?"

"తినకేం."

నూకాలమ్మ గంజి సంగతి చెప్పేసి ఆ అబద్ధాన్ని రెండు రోజులు కూడా నిలవనివ్వలేదు. మూడో సాయంత్రం దమయంతి కాయం డబ్బా కంచె మీద పెట్టింది. "నాకొద్దు. నువ్వలా గంజి తాగుతుంటే ఇది నా గొంతు దిగదు."

"దిగాల."

"ఏం, వీళ్లకి భయపడా?"

"వీళ్లకి కాదే. మీ అమ్మకి," అన్నాడు అప్పలకొండ. "రేపు నాను పోతే అది మొదట అడిగేది ఇదే. తిను."

దమయంతి డబ్బా తీసుకుంది. తండ్రి ముందే ఒక ఉండ చేసి నోట్లో వేసుకుని, ఆయన్నే చూస్తూ నమిలింది. ఆ కోపం చూస్తే పోలమ్మ గుర్తొచ్చి, అప్పలకొండ త్వరగా వెళ్లిపోయాడు.

చివరి విడత కోళ్లను కోశారు. రెండు షెడ్ల పేగులూ మళ్లీ ఒకటే. ఈసారి డైరెక్టరు గారు కంగారు పడలేదు. "పడమర గుంపు అంటే కోళ్లే కాదు కదా," అన్నారు. అప్పలకొండను మేత బస్తాల కాటా మీద నిలబెట్టి తూచారు. ఇందుమతి కళ్లు చూసింది, నాలుక చూసింది, పొట్ట నొక్కి చూసింది. అరుగుదల పోయింది. కాళ్లు పీకుతున్నాయి. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి.

"కొండా, చూర్ణం ఆవిష్కరణకి మంత్రి గారు వచ్చి వెళ్లిపోతే చాలు," అంది గొంతు తగ్గించి. "ఆ తరవాత నేను డైరెక్టరు గారితో మాట్లాడతాను."

"ఇప్పుడు మాటాడితే ఏటవుద్ది మేడం గారూ?"

ఆవిడ నివేదిక కింద సంతకం పెట్టింది. అందులో ఇలా ఉంది: "చూర్ణము స్వీకరింపని పడమర గుంపునందు జీర్ణవ్యవస్థ క్షీణత స్పష్టముగా గోచరించినది."

ఆవిష్కరణ రోజు షామియానా వేశారు. మంత్రి గారు పూలదండలతో వచ్చారు. రెండు పంజరాల్లో రెండు కోళ్లు పెట్టారు. మంత్రి గారు అటు చూశారు, ఇటు చూశారు. రెండూ ఎర్రటి జుట్టుతో, మెరిసే ఈకలతో ఆయన్నే చూశాయి.

"తేడా ఏదీ?" అన్నారు మంత్రి గారు.

"కోళ్లు గోప్యత పాటిస్తాయండి. మనుషుల్లో తేడా పైకే తెలుస్తుంది," అని డైరెక్టరు గారు చెయ్యి ఊపారు. తెర తొలగింది. వేదికకు తూర్పు వైపు కొత్త చీరలో దమయంతి, ఒళ్లో బొద్దుగా పిల్ల. పడమర వైపు అప్పలకొండ. తొడుక్కున్న చొక్కా కొంకెకు తగిలించినట్టుంది.

మంత్రి గారు నివ్వెరపోయారు. "అబ్బ. ఈ మనిషికి మాత్రం చూర్ణం ఇవ్వలేదన్నమాట."

"ఒక్క చిటికెడు కూడా ఇవ్వలేదండి."

జనం చప్పట్లు కొట్టారు. తనకే కొడుతున్నారనుకుని అప్పలకొండ దణ్ణం పెట్టబోయాడు. చేతులు సగం లేచాయి. కళ్ల ముందు షామియానా ఒకసారి గిర్రున తిరిగింది. కూలిపోయాడు.

దమయంతి లేచింది. పిల్లను చంకనేసుకుని వేదిక అడ్డంగా నడిచి వచ్చింది.

"గుంపులు కలిసిపోతున్నాయి సార్," అని ప్రభాకరం గాభరాగా చేతులు చాచి నిలబడ్డాడు. దమయంతి అతన్ని భుజంతో పక్కకి నెట్టి, తండ్రి పక్కన కూచుని, చెంగు ముడి విప్పి, కాయం ఉండ తీసి ఆయన నోట్లో పెట్టింది. గ్లాసుడు నీళ్లు మంత్రి గారి బల్ల మీదివే తీసుకుని పట్టించింది. డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. కొన్ని నెలల పరిశోధన అటెండరు నోట్లో కరుగుతోంది.

కాసేపటికి అప్పలకొండ కళ్లు తెరిచాడు. దమయంతి పిల్లను ఆయన ఒళ్లో పడుకోబెట్టింది. ఆయన ఆ పిల్లను చేతుల్లోకి తీసుకోవడం అదే మొదటిసారి. పిల్ల ఆయన వేలు పట్టుకుని పిసికింది. ఆయన లేచి కూచున్నాడు.

డైరెక్టరు గారిలోని శాస్త్రజ్ఞుడు కూడా అదే క్షణంలో లేచి కూచున్నాడు. మైకు అందుకున్నారు. "సభకు నమస్కారం. తమరు ఇప్పుడే కళ్లారా చూశారు. నెలల తరబడి క్షీణించిన జీవి, ఒక్క మోతాదు ఆంత్రామృతంతో లేచి కూచుంది."

చప్పట్లతో షామియానా ఊగింది. ఆ సందడిలో ఇందుమతి మాట వేదిక మీది నాలుగైదు కుర్చీల వరకే వినపడింది. "అందులో బెల్లం ఉంది సార్. ఆయనది ఆకలి." చెప్పి ఊరుకుంది.

మంత్రి గారు వేదిక మీదే రాష్ట్రమంతటికీ ఆంత్రామృతం మంజూరు చేశారు. రెండో దశ పరిశోధన రేపటి నుంచే మొదలవ్వాలన్నారు. "అలాగేనండి," అన్నారు డైరెక్టరు గారు, కాని నుదురు ముడిపడింది. అప్పలకొండ మందు తిన్నాడు. ఇక పనికిరాడు. పడమర గుంపుకు మనిషి కావాలి. ఆయన చూపు వేదికంతా తిరిగి తిరిగి ఒకచోట ఆగింది.

మైకు పక్కన పెట్టి, కొంచెం వంగి, చాలా మర్యాదగా అడిగారు. "డాక్టర్ గారూ, మీ ఇంట్లో పప్పులో పోపు వేస్తారా?"

ఇందుమతి ఆ ప్రశ్నను ఎవరో వేరే వాళ్లకి వేసినట్టు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఖాళీ కుర్చీలున్నాయి. ఆవిడ నోరు తెరిచింది. ఈసారి చెప్పడానికి ఏ నిజమూ దొరకలేదు.

దమయంతి తండ్రిని లేపి నిలబెట్టింది. "పద నాన్నా. మా ఊరు పోదాం. మా అత్త రానిస్తుంది, నాకు తెలుసు." అప్పలకొండ పిల్లను భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగబోతూ ఇందుమతి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. అతనికి కలగలేదు.

"మొదటి వారమే కష్టం మేడం గారూ," అన్నాడు. "తరవాత నాలిక్కి గురుతుండదు."